బూడిద నుంచి వచ్చిన భాస్వరం ఎరువు: శాతం కన్నా కరిగే గుణం ముఖ్యం

మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో మిగిలే బురదను కాల్చగా వచ్చిన బూడిదతో తయారయ్యే భాస్వరం ఎరువులను, బస్తా మీద అచ్చయిన మొత్తం శాతం చూసి బేరీజు వేయకూడదన్నది నా అభిప్రాయం. బురదను మాత్రమే విడిగా కాల్చినప్పుడు వచ్చే బూడిదలో సాధారణంగా 5 నుంచి 11 శాతం వరకు భాస్వరం ఉంటుంది. ఎరువుల లెక్కలో దీన్ని పెంటాక్సైడుగా, అంటే ఆక్సిజన్‌తో కలిసిన రూపంగా, చూపుతారు కనుక 8 శాతం భాస్వరం బస్తా మీద సుమారు 18 శాతంగా కనిపిస్తుంది. ఆ అంకె ఆకర్షణీయంగానే ఉంటుంది గానీ, అందులో పైరుకు అందేది ఎంత అన్నది వేరే లెక్క.

ఏ ప్రక్రియా జరపని ముడి బూడిదను ఎరువుగా నేను సిఫారసు చేయను. 850 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడికి రోగకారక క్రిములు, మందుల అవశేషాలు నశిస్తాయన్నది నిజమే. అయితే భాస్వరం కాల్షియం, అల్యూమినియం, ఇనుములతో గట్టిగా బంధం ఏర్పరచుకొని నీటిలో దాదాపు కరగని స్థితికి చేరుతుంది; భార లోహాల్లో చాలావరకు అందులోనే మిగిలిపోతాయి.

సోడియం లవణాలతో కలిపి బూడిదను సుమారు 900 డిగ్రీలకు పైగా మళ్లీ వేడిచేసే యాష్‌డెక్ తరహా పద్ధతిలో తయారైన ఎరువు ఇంతకంటే ఎంతో మేలైనది. ఇందులో ఏర్పడే కాల్షియం సోడియం ఫాస్ఫేటు నీటిలో అంతగా కరగకపోయినా ప్రయోగశాల పరీక్షలో వాడే తటస్థ అమ్మోనియం సిట్రేటు ద్రావణంలో బాగా కరుగుతుంది, అంటే వేళ్లు స్రవించే ఆమ్లాల సాయంతో పైరు దాన్ని క్రమంగా తీసుకోగలుగుతుంది. వర్షానికి కొట్టుకుపోయి చెరువులనూ నదులనూ పాడుచేసే ప్రమాదం తక్కువ కావడం దీనిలో నాకు బాగా నచ్చిన గుణం. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ చాలావరకు ఆవిరై విడిపోతాయి. రాగి, క్రోమియం, నికెల్ మాత్రం అధికభాగం ఉండిపోతాయి కనుక విశ్లేషణ పత్రం అడగకుండా కొనవద్దు. మొలక దశలోనే భాస్వరం త్వరగా అందవలసిన పైర్లకు ఇది ఒక్కటే సరిపోదు.

ఆమ్లంలో కరిగించి శుద్ధిచేసే పద్ధతులది వేరే దారి. జర్మనీలోని హాంబర్గ్‌లో చేపట్టిన టెట్రాఫాస్ ప్రక్రియలో బూడిద నుంచి ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది; స్వీడన్‌కు చెందిన ఈజీమైనింగ్ వారి యాష్‌టూఫాస్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడి కాల్షియం ఫాస్ఫేటును రాబడతారు. ఇలా వచ్చిన ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన ఎరువుకూ, గనుల్లో తవ్విన ఫాస్ఫేటు రాయితో చేసినదానికీ పైరు దృష్టిలో తేడా ఉండదు. ఆమ్లాల ఖర్చు, మిగిలిన వ్యర్థాన్ని జాగ్రత్తగా పారవేయడం దీనిలోని భారాలు.

కాడ్మియం విషయంలో గనుల సరుకు నిర్దోషి అనుకోరాదు. అవక్షేప శిలల నుంచి తీసిన ఫాస్ఫేటులో కాడ్మియంతో పాటు యురేనియం కూడా ఉంటుంది. అందుకే యూరోపియన్ యూనియన్ ఫాస్ఫేటు ఎరువుల్లో కిలో పెంటాక్సైడుకు 60 మిల్లీగ్రాముల కాడ్మియం పరిమితి విధించింది. కాడ్మియం పరంగా ఏ రెండు ఎరువులను పోల్చినా ఈ కొలమానంతోనే పోల్చాలి.

బురదను సిమెంటు కొలిమిలో ఇంధనంగా కాల్చితే భాస్వరం సిమెంటులో కలిసి శాశ్వతంగా పోతుంది, ఇది నన్ను నిజంగా బాధపెట్టే నష్టం. జర్మనీ 2017 నాటి నిబంధనతో లక్ష జనాభాకు సమానమైన భారాన్ని మించిన శుద్ధి కేంద్రాలకు 2029 నుంచి, 50,000 మించినవాటికి 2032 నుంచి భాస్వరం రాబట్టడాన్ని తప్పనిసరి చేయడం అందుకే సమంజసంగా తోస్తుంది.

ఆమ్ల స్వభావం గల నేలలకు, దుక్కిలో వేయడానికి యాష్‌డెక్ తరహా ఎరువు తగినది. సున్నం ఎక్కువగా ఉన్న నేలలకు ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన, నీటిలో కరిగే రకాన్నే ఎంచుకోవాలి. బురదలోని నత్రజని కాలిపోతుంది కాబట్టి దేన్ని కొన్నా నత్రజనిని ఎంత కలిపారో చూసి, లేకపోతే విడిగా వేయవలసి ఉంటుంది.