సుడిదోమకు మందు కొట్టాలా, తోడేలు సాలీడును నమ్మాలా?

శ్రీకాళహస్తి పరిసరాల వరి మడుల్లో పిలకలు దట్టమయ్యేసరికి ఈ తర్జనభర్జన మొదలవుతుంది. సుడిదోమ అంటే దుబ్బు మొదళ్లలో చేరి వరి రసం పీల్చే చిన్న పురుగు. స్థలపురాణంలో మోక్షం పొందిన సాలీడు గూడు అల్లింది. మడిలోని తోడేలు సాలీడు గూడు అల్లదు, దుబ్బు మొదళ్ల దగ్గర పరుగెత్తి వేటాడుతుంది.

ఖర్చు: మందుకు డబ్బు, పైగా కూలి. సాలీడుకు పైసా అక్కర్లేదు.

శ్రమ: మందు పని ఒక పూటతో సరి. సాలీడును నమ్ముకుంటే మడిలోకి దిగి దుబ్బులు తట్టి దోమలను, సాలీళ్లను చూసుకుంటూ ఉండాలి. తల్లి సాలీడు గుండ్రటి గుడ్ల సంచిని వెనక అంటించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికి రాగానే గుంపుగా దాని వీపెక్కుతాయి. రాత్రి టార్చిని కళ్ల పక్కన పట్టుకుని వెలుగు వేస్తే వాటి కళ్లు మెరుస్తాయి. లెక్కకు అదే సులువు.

వేగం: ఇక్కడ మందుదే పైచేయి. పెద్ద సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులను తింటుంది. దోమ ఒక్కసారిగా ఎగబడితే అది చాలదు.

నష్టభయం: సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు సాలీళ్లను చంపేస్తాయి. ఆకు తొడుగుల్లో దాగిన దోమ గుడ్లు మాత్రం బతుకుతాయి. తర్వాత పుట్టే దోమకు అడ్డేముంది?

దోమ తక్కువగా ఉండి, దుబ్బుల్లో సాలీళ్లు కనిపిస్తుంటే మందు జోలికి పోవద్దు. పైరు అక్కడక్కడ గుండ్రటి సుళ్లుగా ఎండడం మొదలైతే వ్యవసాయాధికారిని అడిగి, దోమకే పనిచేసే మందును దుబ్బుల మొదళ్లు తడిసేలా కొట్టండి.