తగవు తీర్చే నేర్పుకు ఏది మేలు: శిక్షణ తరగతా, అనుభవజ్ఞుల పక్కన కుర్చీయా?

తమ సంస్థలోని ఫిర్యాదుల పరిష్కార కమిటీలో కొత్తగా సభ్యులైనవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఉద్యోగుల మధ్య మధ్యవర్తిత్వం నెరపడంలో మెరుగుపడాలంటే 40 గంటల శిక్షణలో చేరాలా, లేక అనుభవమున్నవారి పక్కన సహ మధ్యవర్తిగా కూర్చోవాలా?

సుప్రీంకోర్టు 2005లో ఏర్పరచిన మధ్యవర్తిత్వ కమిటీ న్యాయస్థానాల మధ్యవర్తులకు నిర్దేశించినది కూడా 40 గంటల శిక్షణే. ఉమ్మడి సమావేశం, విడివిడి సమావేశాలు, గోప్యత అనే క్రమం అక్కడ అలవడుతుంది. హద్దులు కూడా తెలుస్తాయి. ఉదాహరణకు, పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం, బాధితురాలు కోరితేనే రాజీకి ప్రయత్నించాలి, ఆ రాజీకి డబ్బు ప్రాతిపదిక కాకూడదు. ఇంతమాత్రం తెలియనివారు ఆ కుర్చీలో కూర్చోకపోవడమే మంచిది.

అయినా నా మొగ్గు రెండో మార్గం వైపే, ఎందుకంటే మన పక్షపాతం ముందుగా మన సంబోధనలోనే బయటపడుతుంది, దాన్ని మనంతట మనం వినలేము. ఒక కర్మాగారంలో షిఫ్టుల తగవు విన్నప్పుడు నేను సూపర్‌వైజరును "మీరు చెప్పండి సార్" అనీ, ఆపరేటరును "నువ్వు చెప్పు బాబూ" అనీ అడిగానని విరామంలో నా పక్కనున్న పెద్దాయన చెప్పేదాకా నాకే తెలియదు. అప్పటివరకు "అంతే సార్" అని ముక్తసరిగా ముగిస్తున్న ఆ ఆపరేటరు, నేను ఇద్దరినీ "గారు" అని పిలవడం మొదలుపెట్టాక, తన అభ్యంతరం రాత్రి షిఫ్టు మీద కాదనీ, మార్పును ముందురోజు సాయంత్రం చెప్పడం మీదేననీ వివరంగా చెప్పాడు. నేను చేరిన తరగతిలో అభ్యాస సన్నివేశాలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి కనుక, అక్కడ ఈ పొరపాటు జరిగే అవకాశమే లేదు, దిద్దే అవకాశమూ లేదు.

ఈ మార్గంలోనూ చిక్కులున్నాయి. గోప్యత దృష్ట్యా ఉభయపక్షాలూ సమ్మతించాలి, అలాంటి అవకాశాలు అరుదు, పైగా పెద్దల చెడు అలవాట్లు కూడా అంటుకుంటాయి. ఇక ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, పుస్తకాలు పదజాలం నేర్చుకోవడానికి చాలు.

నేను మాత్రం శిక్షణ పూర్తిచేసి, ఆ తరువాత పక్కన కూర్చునే పెద్దాయనను రెండే విషయాలు రాసిపెట్టమని కోరుతున్నాను: ఎవరిని ఎలా పిలిచాను, ఎవరి మాటకు ఎన్నిసార్లు అడ్డుపడ్డాను.