జానీ ఓల్సన్ ఆ, రాడ్ రాడీ ఆ?

అమెరికాలో ద ప్రైస్ ఈజ్ రైట్ అనే టీవీ గేమ్ షోకి 1972 నుంచి 1985లో చనిపోయేదాకా అనౌన్సర్ ఓల్సనే, "కమ్ ఆన్ డౌన్" అంటూ జనాల్లోంచి ఆటగాళ్ళని రమ్మనే పిలుపు ఆయన గొంతులోనే ఫేమస్ అయింది, కానీ అసలు మజా కెమెరా ఆన్ అవ్వకముందే, టేపింగ్‌కి ముందు జనాల మధ్య సీట్ల వరసల్లోకి దిగిపోయి డాన్సులేస్తూ, పెద్దావిడలతో సరసాలాడుతూ హాలంతా ఊపేసేవాడు, హోస్ట్ బాబ్ బార్కర్ వచ్చేసరికి జనం అప్పటికే వేడెక్కిపోయి ఉండేవాళ్ళు. 1986లో ఆయన స్థానంలోకి వచ్చిన రాడీ లెక్క వేరు, తళుకుల కోట్లు, కళ్ళు జిగేల్‌మనే రంగులు! గొంతులో మాత్రం ఇద్దరూ తగ్గరు. నన్నడిగితే టీవీలో చూడ్డానికి రాడీ, హాల్లో కూర్చుంటే మాత్రం ఓల్సనే కావాలి.