ఆరేళ్ల సోలార్ వేడినీళ్లు: చన్నీళ్ల కుళాయి చేయి కాల్చిన రోజు

ముందే చెబుతున్నాను, నా కోపం 300 లీటర్ల సోలార్ హీటరు మీద కాదు. దాని కింద పైపుకు ఉండవలసిన, లేని, అరచేతిలో ఇమిడే ఒక ఇత్తడి వాల్వు మీద.

హైదరాబాదు మల్కాజిగిరిలో మాది పాత ఇల్లు. కింద మేము, పైన రెండు పోర్షన్లు అద్దెకు. 2019 డిసెంబరులో గాజు గొట్టాల రకం సోలార్ పెట్టించింది నిజానికి అద్దెవాళ్ల కోసమే. అప్పటికే టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్లు మంజీరా నీళ్లా, బోరు నీళ్లా అని అడిగి ఊరుకునే రోజులు పోయాయి. నేరుగా స్నానాలగదిలోకి వెళ్లి గోడకేసి చూస్తారు. గీజర్ ఉందా, ఎన్ని స్టార్లది, ఎర్తింగ్ ఇచ్చారా? ఇంగ్లండులో ఒక ఇల్లు అద్దెకిచ్చిన మా తమ్ముడు ఇది విని నవ్వుతాడు. అక్కడ ఇల్లు ఎంత పొదుపుగా ఇంధనం వాడుతుందో ఏ నుంచి జీ దాకా గ్రేడు ఇచ్చే ఇంధన పత్రంలో కనీసం ‘ఈ’ గ్రేడు లేకపోతే అద్దెకివ్వడం కుదరదు. 2020 ఏప్రిల్ నుంచి పాత అద్దెలకూ అదే నియమం. ఇప్పుడు దాన్ని ‘సీ’కి పెంచుతామని 2030 గడువు చెబుతున్నారట. బాయిలరు మార్చాలా, గోడలకు లోపలి పొర వేయించాలా అని వాడి గోల వాడిది. మన దగ్గర 2022 ఇంధన పొదుపు చట్ట సవరణ నివాస భవనాలను కూడా లెక్కలోకి తెచ్చింది కానీ, అది 100 కిలోవాట్ల లోడు ఉన్న పెద్ద సముదాయాల సంగతి. మా మూడు పోర్షన్ల కొంపను ఇంకా ఎవరూ అడగలేదు. అద్దెకు వచ్చేవాళ్లే అడుగుతున్నారు, అది చాలు.

మొదటి రెండేళ్లు నేను ఆ హీటరుకు జీతం లేని ఏజెంటును. జనవరిలో తెల్లవారుజామున ఐదున్నరకు కూడా పొగలు కక్కే నీళ్లు. వీధిలో నలుగురి చేత కొనిపించాను. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు.

ఇక ఆ రోజు సంగతి. 2022 మే నెల. బోరు మోటారు కాలిపోయింది. మేడ మీద ట్యాంకు రాత్రికే అడుగంటింది. పొద్దున పైపోర్షన్ అమ్మాయి దిగివచ్చి, “ఆంటీ, చన్నీళ్ల కుళాయి తిప్పితే చేయి కాలుతోంది” అంది. “మే నెల కదా అమ్మా, నల్ల ట్యాంకు ఎండకు మరిగి ఉంటుంది” అని పంపేశాను. ఉదయం ఏడింటికి ట్యాంకు ఎలా మరుగుతుందని నాకు తట్టలేదు. ఆ అమ్మాయికీ తట్టలేదు. ఇద్దరం చదువుకున్నవాళ్లమే.

జరిగింది ఇది. సోలార్‌కు చన్నీళ్లు ఇచ్చే పైపును, బిగించినవాళ్లు కిందికి దిగే మామూలు పైపు నుంచే తీశారు. మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పెట్టలేదు. పెద్ద ట్యాంకు ఖాళీ కాగానే సోలార్ ట్యాంకులోని నీళ్లు వచ్చిన దారినే వెనక్కి మళ్లి, చన్నీళ్ల కుళాయిల గుండా పోయాయి. మేలో వేడినీళ్లు ఎవరికి కావాలి? పారబోసి, చల్లబడతాయేమోనని మళ్లీ తిప్పారు. తొమ్మిదింటికి పైన సోలార్ తొట్టి ఖాళీ. ముప్పై గొట్టాల్లో మిగిలిన నీళ్లు ఎండకు మరిగి తగ్గుతూ పోయాయి. నీళ్లు లేని గొట్టం నడివేసవి ఎండలో 200 డిగ్రీలు దాటుతుందని నాకు తరువాత తెలిసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు నీళ్ల ట్యాంకరు వచ్చింది. సంపు నిండింది, మేడ మీదికి సంపు మోటారు వేశాను. పది నిమిషాలకు పైనుంచి టప్‌మని ఒక చప్పుడు. పిల్లల బంతి అనుకున్నాను. తరువాత వరసగా టప్, టప్, టప్. మెట్ల మీద నుంచి నీళ్లు గాజుముక్కలతో సహా దిగివచ్చాయి. కాలిన గాజుకు చన్నీళ్లు తగిలి పదకొండు గొట్టాలు పోయాయి. ఈ రకంలో గొట్టాలన్నీ ఒకే తొట్టిలోకి తెరుచుకుంటాయి కనుక ఒక్కటి పగిలినా తొట్టిలో నీళ్లు నిలవవు. డబ్బు పోసి కొన్న ట్యాంకరు నీళ్లు మా డాబా కడిగి, కాలువలో కలిశాయి.

బిగించిన మనిషికి ఫోను చేస్తే, “ఖాళీ ట్యాంకులోకి మధ్యాహ్నం నీళ్లు ఎందుకు వదిలారు మేడం?” అన్నాడు. రెండున్నరేళ్లలో ఆ ముక్క చెప్పడం అతనికి అదే మొదటిసారి.

వాల్వు పెట్టించాక మళ్లీ ఆ బాధ లేదు. ఎప్పుడైనా ట్యాంకు అడుగంటితే చీకటి పడ్డాకే మోటారు వేస్తాను. నెలకోసారి గొట్టాల అడుగున ఉండే వెండిరంగు మచ్చను చూస్తాను. తెల్లబడితే ఆ గొట్టం రెండు గాజుపొరల మధ్య ఉండే శూన్యం పోయినట్టే, వేడి నిలవదు. అలా ఇప్పటిదాకా రెండు మార్చాను. మా బోరు నీళ్ల ఉప్పు పేరుకోకుండా ఆరు నెలలకోసారి తొట్టి కడిగించాలి.

‘ఇక గీజర్ అక్కరలేదు’ అని అప్పట్లో అందరికీ చెప్పిన మాటను కూడా కొంచెం సవరించుకోవాలి. జూలై, ఆగస్టు ముసురులో వచ్చేవి గోరువెచ్చని నీళ్లే. తొట్టిలో కరెంటు కాయిల్ ఉంది కానీ అది ఎవరి మీటరు మీద తిరగాలి? 300 లీటర్లను 20 డిగ్రీలు పెంచాలంటే దాదాపు 7 యూనిట్లు. రెండు వానాకాలాలు నా మీటరు మీద తిరిగాక దాని ఫ్యూజు పీకేసి, పై పోర్షన్లలో చిన్న ఇన్‌స్టంట్ గీజర్లు పెట్టించాను, నాలుగు ఎంఎం వైరు కొత్తగా లాగించి మరీ. కింద మా వాటాకు వేడినీళ్లు దిగేలోపు పావు బక్కెట్ చన్నీళ్లు పోతాయి. వాటిని తులసికోటకు పోస్తున్నాను.

ఇన్ని చెప్పీ తీసేయలేదేమంటే, తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం. 2024 మార్చి నుంచి 200 యూనిట్లు దాటని అర్హులకు సున్నా బిల్లు. రెండు కిలోవాట్ల గీజరు రోజుకు గంట తిరిగితే నెలకు 60 యూనిట్లు. సోలార్ ఉండబట్టి పైపోర్షన్ ఆటో డ్రైవరు కుటుంబం చలికాలమంతా 180, 190 దగ్గరే నిలబడుతోంది. నెలాఖరుకు వాళ్లబ్బాయి మీటరు చూసి వచ్చి, పది యూనిట్లు మిగిలాయని నాకు కూడా చెప్పి వెళ్తాడు. రెండేళ్లుగా ఆ పోర్షన్‌కు టులెట్ బోర్డు కట్టలేదు.

మాకు సొంత డాబా ఉంది, నీడ పడేంత ఎత్తు ఇల్లు పక్కన లేదు, ట్యాంకు చూసుకోవడానికి పగలు ఇంట్లో నేనున్నాను. మా ఆడపడుచు నిజాంపేటలో తన అద్దె ఫ్లాటుకు ఇదే పెట్టించాలని మొన్న అడిగింది. అక్కడ నీళ్లు ట్యాంకర్లవే, మేడ మీద ట్యాంకు వేసవిలో వారానికి రెండుసార్లు ఖాళీ అవుతుందట. ఐదు స్టార్ల గీజరు కొనుక్కోమన్నాను.