క్లచ్ మాస్టర్ సిలిండరా, స్లేవ్ సిలిండరా?

క్లచ్ పెడల్ మెత్తబడి గేర్లు గరగరమంటుంటే ముందు ఈ రెండింటినీ అనుమానించాలి. పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను నెట్టేది మాస్టర్, ఆ ఒత్తిడితో గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ను విడదీసేది స్లేవ్. ఇంజిన్ ఆపి పెడల్ తొక్కి అలాగే పట్టుకోండి. బయట ఎక్కడా లీక్ లేకుండానే మెల్లగా కిందికి దిగిపోతుంటే, చాలావరకు మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ అరిగినట్టే. ఫ్లూయిడ్ దాన్ని దాటుకుని వెనక్కి పోతుంది. ఒక్కోసారి పెడల్ రాడ్ దగ్గర తడి కూడా కనిపిస్తుంది.

స్లేవ్ పోతే తడి గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. రబ్బరు బూట్ ఎత్తి చూడండి. బయట బిగించిన స్లేవ్ అయితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే గూడు) లోపలుండే రకానికి గేర్‌బాక్స్ దించాలి, అది మెకానిక్‌కే వదిలేయండి.

పెడల్‌ను పదేపదే తొక్కితే గట్టిపడుతోందా? లైన్‌లో గాలి చేరి ఉండొచ్చు. పార్టులు కొనేముందు లీక్ లేదని చూసుకుని బ్లీడింగ్ (లైన్‌లోంచి గాలి తీసేయడం) చేయండి. ఫ్లూయిడ్ డబ్బా మూత మీద రాసిన రకమే పోయండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, రంగు తినేస్తుంది.