కుడిచేతి వాటం, ఎడమ కంటి వాటం: చెయ్యి మార్చాలా, తల తిప్పాలా?

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు నుంచి ఎయిర్ పిస్టల్ షూటింగ్ మొదలుపెట్టిన పిల్లల తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: "సార్, మావోడిది కుడిచెయ్యి. గురి మాత్రం ఎడమ కంటితోనే కుదురుతున్నది. చెయ్యి మార్పియ్యాల్నా?"

ముందు కంటి వాటం, అంటే గురి ఏ కంటిదో, గట్టిగా తేల్చుకోండి. చేతులు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట మీది దర్గాను చూడండి. ఏ కన్ను మూస్తే దర్గా సందులోంచి తప్పిపోతుందో అదే గురి కన్ను. ఒక్కసారితో ఆపకండి, కొందరికి వాటం అంత బలంగా ఉండదు.

చెయ్యి మారిస్తే కన్ను, సైట్లు (గురి చూసేందుకు పిస్టల్ మీద ముందొకటి, వెనకొకటి ఉండేవి), చెయ్యి ఒకే పక్కకు వస్తాయి. నిన్నమొన్న మొదలుపెట్టిన పిల్లలకు అది నడుస్తుంది, ఎడమచేతి గ్రిప్ (పిస్టల్ పిడి) దొరికితే. ఏడాది దాటినవాళ్లకు మాత్రం నేను వద్దనే అంటాను. రెండు సైట్ల మధ్య దూరం 36 సెంటీమీటర్లు అనుకోండి. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ముందు సైటు 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల అవతల పెల్లెట్ దాదాపు 28 మిల్లీమీటర్లు తప్పుతుంది. పది పాయింట్ల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లే కాబట్టి ఆ గుండు ఏడు పాయింట్ల వలయంలో పడుతుంది. ఆ మిల్లీమీటరును కాపాడేది మణికట్టు, చూపుడు వేలు. వాటికి అబ్బిన పనితనాన్ని కంటి కోసం వదులుకోవడం నాకు నచ్చదు.

రైఫిల్‌లో చెంప బట్‌కు (వెనక భాగానికి) ఆనాలి కాబట్టి మామూలుగా ఆ పక్క కంటితోనే గురి చూడాల్సి వస్తుంది. పిస్టల్‌కు ఆ కట్టుబాటు లేదు. రెండు కళ్ల మధ్య ఎడం ఆరు, ఆరున్నర సెంటీమీటర్లు. చాపిన చెయ్యి దూరంలో అది ఐదారు డిగ్రీలకు మించదు. అంత తేడాను మెడతో లాగొద్దు. కాళ్లు జరిపి ఛాతీని టార్గెట్ వైపు ఇంకొంచెం తిప్పితే పిస్టల్ ఎడమ కంటి ముందుకు తేలిగ్గా వస్తుంది. చూపు కంటికొస నుంచి పోకూడదు, అద్దాలుంటే లెన్స్ నడుమ నుంచే పోవాలి. మ్యాచ్‌లో 75 నిమిషాల్లో 60 గుండ్లు కాల్చాలంటే ఈ సుఖం తప్పనిసరి.

ఎడమ కంటి చూపు మందమని డాక్టరు తేల్చితే, దాని ముందు బ్లైండర్ (కంటికి అడ్డుపెట్టే చిన్న పలక) పెట్టి కుడి కంటితో కాల్చొచ్చు. నిబంధన ప్రకారం వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు. నల్లది కాకుండా వెలుగు వచ్చే తెల్లది తీసుకోండి. ఒక కన్ను చీకట్లో ఉంటే రెండో కంటిపాప కూడా పెద్దదై సైటు అంచు మసకబారుతుంది.

ఒక కన్ను మూసి కాల్చడం ఎన్‌సీసీ రైఫిల్ దగ్గర అలవాటైన పద్ధతి. పది గుండ్లకు పర్వాలేదు, మ్యాచ్‌కు పనికిరాదు, ముఖమంతా బిగుసుకుంటుంది.

పన్నెండేళ్లలోపు పిల్లలకు చెయ్యి మార్చి చూడాలనుకుంటే ముందు రేంజ్‌లో ఎడమచేతి గ్రిప్ అడిగి కొన్నాళ్లు కాల్పించి చూడండి. అప్పటిదాకా కొత్త గ్రిప్‌కు డబ్బు పెట్టకండి.