జంతువుల అరుపుల బటన్ పుస్తకం: కప్ప పాసు, సింహం ఫెయిలు

పన్నెండు బటన్లున్న ఈ అట్టల పుస్తకంలో కప్ప బెకబెక, కోడిపుంజు కూత, గుర్రం సకిలింపు అన్నీ అసలు రికార్డింగులే. మనుషులు అనుకరించినవి కావు, అందుకే వినబుద్ధవుతుంది.

సింహం దగ్గరే తేలిపోయింది. ఇంత చిన్న స్పీకరు లోతైన శబ్దాన్ని పలికించలేదు, దాంతో గర్జన కాస్తా గరగర అయింది. ఏనుగు ఘీంకారం హెచ్చు స్థాయిలో ఉంటుంది కాబట్టి బాగానే వచ్చింది. (దూరాన ఉన్న మందతో ఏనుగులు మాట్లాడే గుర్‌గుర్ ధ్వనిలో మూల స్వరం 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) కంటే కిందే ఉంటుంది. అది మన చెవికే సరిగా అందదు, బొమ్మను ఏమనగలం!) తోడేలుకీ నక్కకీ ఒకే ఊళ పెట్టడం మాత్రం ఉత్త బద్ధకం.

కొనగానే వెనకున్న ప్లాస్టిక్ పట్టీ లాగేయండి, లేకపోతే శబ్దం సగంలో ఆగుతుంది. మేక అరుపు సాగినట్టు వస్తే సెల్స్ నీరసించాయన్నమాట. మూడు ఎల్ఆర్44 సెల్స్‌నూ (గుండీల్లాంటి చిన్న బటన్ సెల్స్) ఒకేసారి మార్చండి. పాతవీ కొత్తవీ కలిపితే కారతాయి. సెల్స్ పిల్లల చేతికి చిక్కకుండా మూత స్క్రూ గట్టిగా బిగించాలి. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మోత ఎక్కువనిపిస్తే స్పీకరు రంధ్రాల మీద టేపు అంటించండి.